కాంగేర్ అడవిలో మా ఆయన నడక

భద్రాచలంలో మా మెస్సుకు వచ్చేవాళ్లంతా ఇప్పుడు ఒకటే అడుగుతున్నారు. "అన్ని రోజులు షట్టరు మూసి ఎటు పోయినరమ్మా? తిరుపతా, అరకా?" బస్తర్ అని చెప్తే సాంబారు పోసుకుంటున్న చెయ్యి గాలిలో ఆగిపోతుంది. "బస్తరా! భయం కాలేదా?"

కోంటా మాకెంత దూరమని? పొద్దున బస్సెక్కితే తిన్న ఇడ్లీ అరగకముందే ఛత్తీస్‌గఢ్‌లో ఉంటాం. అక్కడి మనుషులు మా ఊరి ఆస్పత్రికి వస్తారు, మా చుట్టుపక్కల మిర్చి తోటల్లో కాయ ఏరుతారు, మా మెస్సులో అన్నం తింటారు. మేమే ఎన్నడూ అటు పోలేదు. కొన్నేళ్ల కింద పోదామన్నా పోగలిగిన రోజులు కావవి. ఇప్పుడు రోడ్డు పడింది. బస్సులు తిరుగుతున్నాయి. జలపాతాల దగ్గర ఫొటోలు దిగి వచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

భయం కాలేదా అంటే, అయింది. కానీ వాళ్లు అనుకునే భయం కాదు. అది చెప్పాలంటే ముందు మా ఆయన సోమయ్య సంగతి చెప్పాలి.

మా బావగారు, అంటే మా ఆయనకు సొంత అన్న, నిరుడు వానాకాలంలో మా మెస్సులోనే దోసె పెనం ముందు నిలబడి ఉండగా కూలిపోయారు. ఆస్పత్రి గేటు దాకా కూడా ఆగలేదు ప్రాణం. ఆయన్ని చేతుల్లో పట్టుకుని ఆటోలో కూర్చున్నది మా ఆయనే. మొన్న ఎండాకాలంలో మా ఆయనకూ ఛాతీ పట్టేసింది. ఖమ్మం తీసుకుపోయాను. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, చేతిలోంచి గొట్టం వేసి గుండె నాళాలు కూడా చూసి, "గుండె శుభ్రంగా ఉంది. ఇది గ్యాసు. రోజూ నడువు, పొయ్యి కాడ తక్కువ నిలబడు" అన్నారు. నేను కొబ్బరికాయ కొట్టాను. ఆయన నమ్మలేదు. మెట్లెక్కడం మానేశాడు. బియ్యం బస్తా వైపు చూడడు. గట్టిగా నవ్వితే ఏమవుతుందోనని నవ్వు కూడా సగంలో ఆపుకునేవాడు. ఎవరో చెప్పారని నాలుక కింద పెట్టుకునే మాత్రలు కొని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

కార్తీకం రద్దీ దాటాక, నేనే పట్టుబట్టి షట్టరు దింపించాను. కొండలు, నీళ్లు, చెట్లు చూస్తే మనసు మళ్లుతుందని నా ఆశ.

కోంటా దాటాక

కోంటాలో దుకాణాల బోర్డులు సగం హిందీ, సగం తెలుగు. టిఫిను కూడా అంతే. ఒకే బండి మీద ఇడ్లీ ఉంది, పోహా ఉంది. ఇరవై రూపాయలకు ప్లేటు నిండా పోహా పోసి, పైన సేవు చల్లి, పక్కన జిలేబి ముక్క పెట్టి ఇచ్చాడు. అటుకుల్లో జిలేబి ఏంది అని మా ఆయన ముఖం ముడిచాడు గానీ ప్లేటు ఖాళీ చేశాడు. నేను హోటలు దాన్ని కాబట్టి నా కళ్లు ముందు పొయ్యి మీదికే పోతాయి. అటుకులు తడిపే లెక్క బాగా తెలిసినవాడు. ఒక్కటి కూడా ముద్ద కాలేదు.

ఎర్రబోరులో మా ఆడబిడ్డ లక్ష్మి ఉంటుంది. మా ఆయన చిన్నమ్మ కూతురు. మొగుడు పాపయ్య చింతపండు వ్యాపారం, కొంచెం వరి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఏడ్చుకుంటూ ఫోన్లు చేసిన లక్ష్మి ఇప్పుడు ఆ ఊళ్లో పెద్దమనిషి. కూలీలతో దొర్లీ మాట్లాడుతుంది, ఫోనులో వ్యాపారులతో హిందీ, సంతకు వచ్చిన ఆడవాళ్లతో గోండీ. గేదెను తిట్టేటప్పుడు మాత్రం తెలుగే.

"అన్నా, గట్ల గోడ పట్టుకుని మెల్లగ ఎక్కుతవేంది? మా వాకిట్ల మెట్టొక్కటే గద!" అంది లక్ష్మి, వాళ్లన్న గడప ఎక్కడానికి తీసుకున్న జాగ్రత్త చూసి. ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. లక్ష్మి నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను.

మధ్యాహ్నం మడియా పేజ్ అని పోసింది. తాగితే మన రాగి అంబలే. కాకపోతే వీళ్లు ముందురోజు నానబెట్టి కొంచెం పులవనిస్తారు. సొరకాయ బుర్రలోంచి దొన్నెలోకి ఒంపితే చల్లగా గొంతు దిగిపోయింది. ఎండనపడి వచ్చినవాళ్లకు మేము మజ్జిగ ఇస్తాం. ఇది పోస్తే చాలు, మళ్లీ సాయంత్రం దాకా ఆకలి అనరు.

పాపయ్య అన్నయ్యే మాకు బస చెప్పాడు. "దర్భా అవతల అడివి పక్కన ఓ ఊరుంది చెల్లెమ్మా. బుధ్రి అని, నేను చింతపండు కొనే ఇల్లు. మీ దిక్కు మిర్చి ఏరేటందుకు వచ్చి పోయిన మనిషే, తెలుగు కూడ వస్తది. ఇప్పుడు యాత్రికులకని రెండు గదులేసిండ్రు. లాడ్జిల ఉండుడెందుకు, ఆడ ఉండుండ్రి."

తీరథ్‌గఢ్‌లో కోతి

సుక్మా దాటి దర్భా వైపు పోతుంటే రోడ్డు పైకి లేస్తూ పోతుంది. గాలి మారింది. చేలల్లో వరి కోసి పనలు వేశారు. కొండల మీద గుగ్గిలం చెట్లు నిలువుగా, ఒకదానికొకటి ఆనుకున్నట్టు ఉన్నాయి.

తీరథ్‌గఢ్ జలపాతం చూడాలంటే లోయలోకి మెట్లు దిగాలి. మా ఆయన పైన బెంచీ చూసుకుని కూర్చున్నాడు. "నువ్వు పోయి రా. దిగుడు దిగుతా, ఎక్కుడెవరు ఎక్కాలె?" అన్నాడు.

ఒక్కదాన్నే దిగాను. నీళ్లు ఒక్కసారిగా దూకవు అక్కడ. నల్లటి రాతి అరల మీద నుంచి ఒక అర తరువాత ఒక అర జారుతూ వస్తాయి. పెద్ద డేగిసాలో గంజి వార్చినప్పుడు అంచు మీదుగా తెల్లగా జారుతుందే, అట్లా. తుంపర మొహం మీద పడుతోంది. చుట్టూ జంటలు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, సెల్ఫీలు. అంత అందం ముందు నిలబడి నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషి ఇక నాతో ఎక్కడికీ దిగడు, ఎక్కడికీ ఎక్కడు, మిగతా జీవితమంతా నేను దిగి చూసి వచ్చి ఎట్లుందో చెప్పాలి అనిపించింది.

పైకి వచ్చేసరికి బెంచీ దగ్గర గోల. కోతి ఒకటి ఆయన పక్కనున్న బిస్కెట్ల కవరు లాక్కుపోయింది. గాలి ఆడుతుందని చొక్కా గుండీలు విప్పి, జేబు బరువని మాత్రలు తీసి ఆ కవర్లోనే వేశాడట. కోతి మద్ది చెట్టెక్కి బిస్కెట్లు తిని, మాత్రల అట్ట వాసన చూసి, లోయలోకి విసిరేసింది.

మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. "వెనక్కి పోదాం సరోజా" అన్నాడు.

దర్భాలో మందుల దుకాణం వెతికాం. ఆ మాత్ర అక్కడ లేదు, జగదల్‌పూర్‌లో దొరుకుతుందన్నాడు. "రేపు సాయంత్రం ఎట్లాగూ జగదల్‌పూరే పోతున్నం గద" అని బతిమాలి, ఆటో ఎక్కించి బుధ్రి వాళ్ల ఊరు తీసుకుపోయాను.

బుధ్రి తెలుగు

బుధ్రి ధుర్వా తెగ ఆడమనిషి. నా వయసే ఉంటుంది. ముంజేతుల నిండా పచ్చబొట్లు, ముక్కుకు రెండు వైపులా పుడకలు. మమ్మల్ని చూడగానే పెద్దగా "దిగు! దిగు! సామాను ఎత్తు!" అంది తెలుగులో. మేం బిత్తరపోయాం. తరువాత అర్థమైంది, ఆమె తెలుగంతా మిర్చి తోటలో మేస్త్రి దగ్గర నేర్చుకున్నది. అందుకే మొత్తం ఆజ్ఞలే. అన్నం వడ్డిస్తూ "జల్ది తిను, మాట్లాడకు" అంటుంది, చెప్పే ముఖంలో మాత్రం ఎంతో మర్యాద ఉంటుంది. తెలుగు అయిపోయిన చోట హిందీ అందుకుంటుంది. నాది సరుకుల లారీల దగ్గర నేర్చిన హిందీ. ఇద్దరికీ సరిపోయింది.

ఆ సాయంత్రం వెదురు కొమ్ములు వేసి, బియ్యప్పిండితో చిక్కచేసిన పుల్లటి కూర పెట్టింది. ఆమట్ అంటారట. పక్కన ఎర్రచీమల పచ్చడి. చీమల్ని, వాటి గుడ్లని పచ్చిమిర్చి, ఉప్పు వేసి రాతి మీద నూరుతారు. నిమ్మకాయ పిండకుండానే నిమ్మకాయ పులుపు. నేను కొంచెం నాలిక్కి రాసుకున్నాను. మా ఆయన, గ్యాసు భయంతో పప్పు కూడా తినని మనిషి, మూడుసార్లు వేయించుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"రేపు నీళ్లు దూకే కాడికి పోదాం. చిన్నది. బోర్డు లేదు, టికెట్ లేదు, కోతి లేదు" అంది బుధ్రి.

"మెట్లున్నయా?" అన్నాడు మా ఆయన.

"మెట్లు లేవు."

"ఎక్కుడు దిగుడు?"

"చదును. మొత్తం చదును" అంది బుధ్రి, అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి చూపిస్తూ.

చదును దారి

పొద్దున మంచు. కళ్లం మీద ఎడ్లను తిప్పుతున్నారు, వడ్లు తొక్కించడానికి. మా వైపు కోత మిషను వచ్చాక ఈ దృశ్యం పోయింది. కళ్లం పక్కన నెగడు చుట్టూ కూర్చున్న ముసలివాళ్లు మమ్మల్ని చూసి "జోహార్" అన్నారు. మేమూ అన్నాం.

చేలు దాటితే కాంగేర్ అడవి. మొదట నిజంగానే చదునుగా ఉంది. ఎండుటాకుల మీద కాళ్ల చప్పుడు తప్ప వేరే ఏమీ లేదు. చెట్ల మధ్య అరచెయ్యంత సాలీళ్లు పసుపు పచ్చ దారాలతో గూళ్లు కట్టాయి. ఆ దారాలకు మంచు బొట్లు. బుధ్రి కర్రతో గూడు చెదరకుండా పక్కకు వంగి దాటింది, మేమూ వంగాం. ఒకచోట పుట్టను ఎవరో పారతో తవ్వినట్టుంది. "ఎలుగు" అంది బుధ్రి. "పొద్దున కాదు. రాత్రి తవ్వింది." మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు బాగుంది.

కొంతదూరం పోయాక నేల ఒక్కసారిగా పోయింది. దారి కిందికి, రాళ్ల మధ్యలోంచి, వేళ్లు పట్టుకుని దిగాల్సినట్టు ఉంది. అడుగు నుంచి నీళ్ల చప్పుడు వస్తోంది.

మా ఆయన ఆగిపోయాడు. "ఇది చదునా?"

"కింద చదును" అంది బుధ్రి, నిజాయితీగా.

ఆయన అక్కడే రాయి మీద కూర్చుని మణికట్టు నాడి పట్టుకున్నాడు. నాకిక బతిమాలే ఓపిక లేదు. బుధ్రి వెంట దిగడం మొదలుపెట్టాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక రాళ్లు కదిలాయి. ఒక్కో వేరూ పట్టుకుని, కూర్చుంటూ, జారుతూ ఆయనా దిగుతున్నాడు.

జలపాతం నిజంగా చిన్నదే. రెండు మంచాలంత వెడల్పు. కానీ చుట్టూ ఎత్తైన రాతి గోడ, గోడ మీద నాచు, కింద ఆకుపచ్చని మడుగు. ఎండ పైనుంచి ఒక్కచోటే పడుతోంది, ఆ పడ్డ చోట నీళ్లు పొగలాగా లేస్తున్నాయి. మా ఆయన ప్యాంటు మడిచి కాళ్లు నీళ్లలో పెట్టాడు. చల్లదనానికి "అబ్బ" అన్నాడు. ఎన్నాళ్లకో నొప్పి లేని "అబ్బ" విన్నాను.

ఆ సంతోషంలోనే కాలు జారింది. ఆయన పక్కన కూర్చుందామని రాయి మీద నుంచి రాయి మీదికి అడుగేశాను. నాచు. కుడికాలు రెండు రాళ్ల మధ్యలోకి పోయి మెలి తిరిగింది. లోపల ఏదో టక్కుమంది. నేను అరిచిన అరుపు ఆ రాతి గోడలకు తగిలి నాకే తిరిగి వినిపించింది.

బయటికి లాగి కూర్చోబెట్టారు. చీలమండ చూస్తుండగానే బూరెలా పొంగింది. లేచి నిలబడబోతే కళ్లు చీకట్లు కమ్మాయి. ఫోన్లు తీశాం. ముగ్గురిలో ఒక్కరికీ సిగ్నలు లేదు.

"బుధ్రి పోయి మనుషుల్ని తెస్తది. నువ్వు నా దగ్గర కూర్చో" అన్నాను మా ఆయనతో.

బుధ్రి అడ్డంగా తల ఊపింది. హిందీలో నెమ్మదిగా చెప్పింది. ఎలుగు ఈ నీళ్లకే వస్తుంది. వస్తే ఏం చెయ్యాలో మీ ఇద్దరికీ తెలియదు, పరుగెత్తడానికి ఈమెకు కాలు లేదు. నా ఇంటికొచ్చిన వాళ్లని అడవిలో వదిలిపెట్టి నేను పోను. దారి ఒక్కటే, తప్పిపోయేది కాదు. పైకెక్కితే అడవి, అడవి దాటితే కళ్లం, కళ్లం కాడ మనుషులు. తరువాత మా ఆయన వైపు తిరిగి తెలుగులో అంది. "నువ్వు పో. జల్ది."

ఆయన ఆ ఏటవాలు వైపు చూశాడు. నా కాలు వైపు చూశాడు.

"నువ్వొద్దు" అన్నాను. "నువ్వెక్కలేవు. ఎవరన్నా వచ్చేదాక ఆగుదాం."

"ఎవరొస్తరు సరోజా ఈడికి?" అని కర్ర అందుకున్నాడు. వెనక్కి చూడలేదు.

మడుగు పక్కన

ఆయన చెట్లలో కలిసిపోయాక నాకు కాలు నొప్పి తెలియడం మానేసింది. నిజంగా చెప్తున్నాను. మా బావగారు పెనం ముందు కూలిపోవడమే కళ్ల ముందు. ఖమ్మం డాక్టరు పొరపాటు పడి ఉంటే? గ్యాసని చెప్పి పంపిస్తే ఇంటికొచ్చి పోయినవాళ్ల కథలు మా మెస్సులో ఎన్ని వినలేదు? ఆయన భయానికి ఇన్నాళ్లూ లోపల విసుక్కున్నదాన్ని, ఆ భయమంతా ఒక్కసారిగా నాకొచ్చి పడింది.

బుధ్రి దొన్నె మడిచి నీళ్లు తెచ్చింది. "నీర్" అంది. వాళ్ల భాషలోనూ నీళ్లను అట్లాగే అంటారట. తాగాను. నా కాలు తన ఒళ్లో పెట్టుకుని తడి గుడ్డ చుడుతుంటే, వచ్చీరాని హిందీలో చెప్పేశాను. ఆయన గుండె సంగతి, అన్న చావు, కోతి ఎత్తుకుపోయిన మాత్రలు.

నవ్వుతుందనుకున్నాను. ధైర్యం చెప్తుందనుకున్నాను. ఆమె ముఖం గంభీరమైంది. "ముందు ఎందుకు చెప్పలే?" అంది. అంతే. దాంతో నాకున్న ధైర్యం కూడా పోయింది.

బుధ్రి లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూత వేసింది. "ఓ... హోయ్!" కొండ పైనుంచి కాసేపటికి మా ఆయన గొంతు వచ్చింది. "ఓ!" అని. ప్రాణం లేచి వచ్చింది. కొంచెంసేపు ఆగి మళ్లీ వేసింది. ఈసారి గొంతు ఇంకా పైనుంచి, చిన్నగా. అయినా పలికాడు.

మూడోసారి పలకలేదు.

బుధ్రి మళ్లీ కూసింది. నీళ్ల చప్పుడు. ఎక్కడో పిట్ట. ఆమె నాలుగడుగులు పైకెక్కి అక్కడి నుంచి కూసింది. నేను కూడా అరిచాను. "ఏమయ్యా! ఏమయ్యోవ్!" అని గొంతు పగిలేటట్టు. నా గొంతే గోడలకు తగిలి తిరిగొచ్చింది.

"నువ్వు పో బుధ్రీ. నాకేం కాదు. నీకు దండం పెడతా, పోయి చూడు" అన్నాను. ఆమె నా వైపు, పైకి, మళ్లీ నా వైపు చూసింది. పోవాలో ఉండాలో ఆమెకూ తెలియలేదు. చివరికి ఎండుపుల్లలు ఏరి నా పక్కన మంట వేసింది. ఎలుగు రాకుండా మంట ఉంటే తను పైదాకా పోయి చూసి రావచ్చని. పొగకు నా కళ్లు మండుతున్నాయి, ఏడుపు ఏదో పొగ ఏదో తెలియడం లేదు. దేవుళ్లందరికీ మొక్కాను. ఆయన వస్తే ఇక ఎన్నడూ నడువు అని అననన్నాను. మెస్సు మూసేద్దాం అన్నా సరేనంటానన్నాను.

బుధ్రి ఇంకో కర్ర ఏరి తీసుకుని బయలుదేరబోతూ ఆగింది. తల పక్కకు పెట్టి విన్నది. నాకేమీ వినిపించలేదు. తరువాత వినిపించింది. రాళ్లు దొర్లుతున్న చప్పుడు, మగవాళ్ల మాటలు, ఎవరిదో నవ్వు.

నలుగురు మనుషులు, పొడుగాటి వెదురు బొంగుకు తాళ్లతో వేలాడగట్టిన నులక మంచం. బొంగు ముందు కొస భుజాన ఎత్తుకున్న ఇద్దరిలో ఒకరు మా ఆయన. చొక్కా లేదు, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట, మోచేయి చీరుకుపోయి ఉంది.

నేను ముందు ఏం అడగాలో అది అడగలేదు. "ఎందుకు పలకలే నువ్వు? ఇంతసేపు మొత్తుకుంటే ఎందుకు పలకలే?" అని అరిచాను.

"ఊపిరి ఆడితే గద పలికేది? ఉరుకుతున్న!" అన్నాడు.

"ఉరికినవా?"

"మరి నడిస్తే ఎప్పుడు చేరుత? అడివంత ఉరుక్కుంటనే పోయిన. కళ్లం కాడ వీళ్లకు హిందీల ఏం చెప్పాల్నో తెల్వలె. కాలు పట్టుకుని చూపెట్టి, నీళ్లు చూపెట్టి, నా పెండ్లాం, నా పెండ్లాం అన్న. వీళ్లకు అర్థమైంది."

"నీ గుండె?"

ఆయన ఒక్క క్షణం నన్ను వింతగా చూశాడు, ఎవరి సంగతో అడిగినట్టు. తరువాత చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "యాదికే రాలే" అన్నాడు.

బుధ్రి ఆ మాట తెలుగులో విని, అర్థం చేసుకుని, పెద్దగా నవ్వింది. మంచం మోసుకొచ్చిన వాళ్లకు వాళ్ల భాషలో చెప్పింది. వాళ్లూ నవ్వారు. మా ఆయన వాళ్ల వంక చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేదు. కళ్ల నీళ్లు వచ్చేదాకా, కడుపు పట్టుకుని, ఆ రాళ్ల మీద కూర్చుని నవ్వాడు.

నన్ను మంచంలో పడుకోబెట్టి ఎత్తారు. దింపు, వేరేవాళ్లు ఎత్తుతారు అంటే మా ఆయన వినలేదు. ఆ ఏటవాలు మొత్తం బొంగు ముందు కొస ఆయన భుజం మీదే. కింద నుంచి చూస్తే ఆయన వీపు, పైన గుగ్గిలం కొమ్మలు, కొమ్మల మధ్య ఆకాశం. బస్తర్‌లో నేను చూసిన అన్నిటికంటే మంచి దృశ్యం ఏదంటే అదే చెప్తాను.

జగదల్‌పూర్, చిత్రకోట్

వడ్లు తోలే పికప్ బండిలో జగదల్‌పూర్ చేర్చారు. మంచం మోసినవాళ్లు ఏమిచ్చినా పుచ్చుకోలేదు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. నరం సాగిందట. గట్టిగా పట్టీ చుట్టి, కాలు కింద పెట్టొద్దన్నారు.

డాక్టరు కుర్రవాడే. నేను ఆగలేక, "బాబూ, మా ఆయన్ని కూడా ఒకసారి చూడండి, గుండె" అన్నాను. డాక్టరు కథంతా విన్నాడు. "కొండెక్కారా? ఉరికారా? మనిషిని మోసుకుంటూ మళ్లీ ఎక్కారా?" అని హిందీలో అడిగాడు. మా ఆయన ప్రతిదానికీ తల ఊపాడు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, బీపీ చూసి, నవ్వాడు. "దీనికంటే పెద్ద పరీక్ష మా దగ్గర లేదు అంకుల్" అన్నాడు. మా ఆయన నా కాలికి మందు కొనుక్కొస్తానని బయటి దుకాణానికి పోయి వచ్చాడు. చేతిలో నొప్పి మందు గొట్టం ఒక్కటే ఉంది.

మరునాడు ఇంటికి పోదామని నేనే అన్నాను. "ఇంత దూరం వచ్చి చిత్రకోట్ జలపాతం చూడకుండనా?" అన్నాడు ఆయన. అక్కడ బజ్జీలు వేసే ఒకామె నన్ను చూసి తన ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చింది. పైన అంచు దగ్గర కూర్చున్నాను. ఇంద్రావతి నది అంతా గుర్రపు లాడంలా వంగి ఒక్కసారిగా కింద పడుతుంది. ఆ చప్పుడుకు కుర్చీ కాళ్లు అదురుతున్నాయి. మా గోదావరిని చూసి పెరిగినదాన్ని, నీళ్లంటే నెమ్మదిగా పోయేవని నాకు అలవాటు. ఇక్కడ నీళ్లకు అంత తొందరేమిటో తెలియలేదు.

మా ఆయన మెట్లు దిగి పడవెక్కాడు. జలపాతం అడుగుదాకా పోయి నిలువెల్లా తడిసి, మళ్లీ అన్ని మెట్లూ ఎక్కి వచ్చాడు. రొప్పుతున్నాడు. నేను చూస్తున్నానని ఆయన చూసి, "రొప్పు వస్తది గద, అన్ని మెట్లుంటే" అన్నాడు, మామూలు మనిషిలాగా. తరువాత ఇద్దరం దొన్నెల్లో వేడివేడి చేప ముక్కలు తిన్నాం. కారం మా వైపంత లేదు. ఉప్పు మాత్రం కరెక్టుగా ఉంది.

తిరుగు బస్సు

జగదల్‌పూర్ నుంచి కోంటా బస్సులో నా కాలు చాపుకోవడానికని ముందు సీటు ఇచ్చారు. దర్భా ఘాట్ రోడ్డు దిగకముందే మా ఆయన నిద్రపోయాడు.

ఎండాకాలం నుంచి ఆ మనిషి సరిగ్గా నిద్రపోలేదు. కన్నంటుకోగానే ఉలిక్కిపడి లేచి నాడి చూసుకునేవాడు, ఆ కలత నిద్ర చూసి నేనూ నిద్ర మానేశాను. ఇప్పుడు తల కిటికీ అద్దానికి కొట్టుకుంటోంది, నోరు తెరుచుకుంది, గురక బస్సు ఇంజనుతో పోటీ పడుతోంది. వెనక సీటు వాళ్లు తొంగి చూశారు. సుక్మాలో టీకి ఆపితే లేవలేదు. ఎర్రబోరులో లక్ష్మి బస్సు దగ్గరికి వచ్చి కిటికీలోంచి మూట అందించి, వాళ్లన్నను చూసి, నా వైపు చూసి, పిలవకుండానే వెళ్లిపోయింది.

కోంటా దగ్గర పడుతుంటే కండక్టరు వచ్చి ఆయన మీదికి వంగి చూశాడు. ఇన్ని గంటలు కదలని మనిషిని చూసి అనుమానం వచ్చినట్టుంది.

"తబియత్ ఖరాబ్ హై క్యా, అమ్మా? ఒంట్లో బాలేదా?"

"నహీ భయ్యా" అన్నాను. "బాగానే ఉన్నాడు. పడుకోనియ్యి."